పుస్తకాల అట్టలకు ఫోటోలు

పొద్దున ధర్మవరం లైబ్రరీకి పోయినా. "నాకు నచ్చేటివి ఏమన్నా చెప్పండి సార్" అంటే, ఆడుండే సారు నా ఇష్టాలన్నీ ఓపిగ్గా కనుక్కొని, బీరువాలు వెతికి, నాలుగు నవలలు దుమ్ము తుడిచి నా ముందర పెట్టినాడు. నేను అట్టలకు ఫోటోలు తీసుకున్నా.

"ఫోటోలు ఏంటికమ్మా?"

"ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటా సార్."

"ఈడనే ఉండాయి కదమ్మా. కార్డు చేయించుకొని తీస్కపో."

"మళ్లీ వస్తాలే సార్."

"సరేలేమ్మా" అని ఆయన ఒక్కోటే తీస్కపోయి లోపల పెట్టుకున్నాడు.

నాకు తలకాయ ఎత్తబుద్ధి కాలేదు. మాది పట్టుచీరల అంగడి. చీరలన్నీ విప్పించి, ఫోటోలు తీసుకొని, "మళ్లీ వస్తాం" అని లేచిపోయేవాళ్లకు మా నాయన చెప్పేదీ ఆ "సరేలేమ్మా"నే. ఆయన చీరలు మడతపెట్టుకుంటాంటే, వాళ్లను నోటికొచ్చినట్లు తిట్టేది నేను.

రేపు పోయి కార్డు చేయించుకోవాల. ఆ సారు మొహం ఎట్లా చూసేదో మీరన్నా చెప్పండప్పా.

ఇది రాస్తాండంగానే అంగట్లో ఒకామె చీర ముందర ఫోన్ ఎత్తింది. ఫోటో బాగా రావాలని నేనే లేచిపోయి కొంగు పరిచి పట్టుకున్నా.