నోరా మేడమ్ నన్ను గ్రాండ్ అన్నారు

ఐర్లండ్ పడమటి తీరానికి అవతల ఒక చిన్న ద్వీపం ఉంది. దాని పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్ళకి నేను గుర్తొస్తాను. వాళ్ళు నన్ను మర్చిపోవాలన్నదే నా కోరిక. ఏటా తుఫానులు ఆ ద్వీపం మీద పడి పైకప్పులు లేపేస్తాయి, పడవల్ని తిరగేస్తాయి. అయినా ఏ తుఫానుకీ చేతకాని నష్టం ఒకటి నేను చేశాను. ఒక బుధవారం మధ్యాహ్నం, టీ తాగుతూ, కుర్చీలోంచి లేవకుండా.

అదేమిటో చెప్పేముందు, చేసిన మనిషి ఎంతటివాడో మీకు తెలియాలి. ఆరేళ్ళ కిందటి మాట. ఐర్లండ్ వచ్చి మూడు నెలలైంది. శాండీఫోర్డ్‌లో ఉద్యోగం. పది మంది డేటా పోకుండా కాపాడడమే నా పని. బ్యాకప్ తీయకుండా ఏదీ చెరపరాదు అని మా ఫ్లోర్‌లో ఒక పెద్ద పోస్టరు ఉండేది. అది రాసింది నేనే. ఈ సంగతి దయచేసి గుర్తుంచుకోండి. నేను మర్చిపోయాను.

ఒకరోజు ఆఫీసులో మెయిల్ వచ్చింది. ద్వీపంలో ఉన్న ఒక బడికి కొత్త కంప్యూటర్లు బిగించడానికి వాలంటీరు కావాలట. అంతకుముందు ఏడాది ఇలాంటి పనికే మావాళ్ళు కరేబియన్ ద్వీపానికి వెళ్ళొచ్చారు. వాళ్ళ ఫోటో క్యాంటీన్‌లో వేలాడుతూ ఉండేది. వెనక కొబ్బరిచెట్లు, ముందు నిక్కర్లలో మా టీమ్, ఎవరి చేతిలోనూ కంప్యూటర్ లేదు. నేను మెయిల్‌లో ద్వీపం అన్న మాట దాకా చదివి చెయ్యెత్తేశాను. మిగతా వాక్యాలు సన్‌స్క్రీన్ కొన్నాక చదివాను.

లిమరిక్‌లో మా అక్కావాళ్ళు ఉంటారు. బావ అక్కడి హాస్పిటల్లో డాక్టరు, ఐర్లండ్‌లో పదకొండేళ్ళ అనుభవం. పడవ రేవు దాకా ఆయనే కార్లో దింపాడు.

"ఏరా, ఆ గడ్డి టోపీ ఏంట్రా?"

"ద్వీపం కదా బావా."

"ద్వీపమే. కానీ అట్లాంటిక్‌లో ఉంది. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసి నిలబడితే ఇంతకన్నా వెచ్చగా ఉంటుంది."

"సన్‌స్క్రీన్ కూడా తెచ్చాను."

"మంచిది. బ్రెడ్డు మీద రాసుకుని తిను."

కారు దిగిన క్షణంలోనే టోపీ ఎగిరిపోయింది. అది నాకంటే ముందే ద్వీపం చేరిందని తర్వాత విన్నాను.

అవతలి రేవులో నా కోసం ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ వచ్చి నిలబడ్డారు. అరవై దాటిన మనిషి. పేరు నోరా. పేరులో నోరున్నా మాటలు తక్కువ. "నోరా అని పిలువు చాలు" అన్నారు. టీచర్ని పేరు పెట్టి పిలవడం మన నాలుకకి చేతకాని పని కాబట్టి నోరా మేడమ్ అన్నాను. ఆవిడ చేతిలో బరువైన సరుకుల సంచీ ఉంది.

"ఇలా ఇవ్వండి మేడమ్, నేను పట్టుకుంటాను."

"ఆ, యూ ఆర్ గ్రాండ్" అన్నారు ఆవిడ.

చదివేవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం నా స్థానంలో నిలబడాలి. గ్రాండ్ అంటే మనకి ఏమిటి? పెళ్ళి గ్రాండ్‌గా చేశారంటాం. అంటే నన్ను చూసి నిమిషం కాకుండానే ఒక టీచరమ్మ నాలో ఏదో ఘనత కనిపెట్టింది! మూడు నెలలైనా మా మేనేజర్ నన్ను గ్రాండ్ అనలేదు. పర్లేదు అని కూడా అనలేదు. మా టీమ్‌లో ఐర్లండ్ వాళ్ళు ఇద్దరే, ఆ ఇద్దరూ ఇంటి నుంచి పనిచేసేవారు కాబట్టి ఈ మాట నాకు మరొకరు వాడగా వినబడనూ లేదు. ఛాతీ ఉబ్బించి సంచీ అందుకున్నాను. ఆవిడ వదల్లేదు. మొహమాటం కాబోలనుకుని కాస్త గట్టిగా లాగాను. వదిలారు.

బడి అంటే రెండు గదులు. వేసవి సెలవులు ఇచ్చేశారు, పిల్లలు లేరు. కొత్త కంప్యూటర్లు ఆరు పెట్టెల్లో ఉన్నాయి. "ఈ బల్ల కిటికీ పక్కకి జరపనా మేడమ్?" అన్నాను. "యూ ఆర్ గ్రాండ్, యూ ఆర్ గ్రాండ్" అన్నారు. రెండుసార్లు అన్నారు కదా అని రెండు బల్లలు జరిపాను. ఆవిడ నా వంక వింతగా చూశారు. కృతజ్ఞత ఈ దేశంలో ఇలా ఉంటుంది కాబోలనుకున్నాను.

బుధవారం మధ్యాహ్నానికి ఆరు కంప్యూటర్లూ సిద్ధం. కానీ గ్రాండ్ మనిషి అంతటితో ఆగుతాడా? మూలన ఒక పాత కంప్యూటర్ ఉంది. పసుపు రంగుకి తిరిగి, ఆయాసం ఉన్న పెద్దాయనలా గురగురలాడుతోంది. నోరా మేడమ్ పోస్టాఫీసుకి వెళ్ళే తొందరలో, గుమ్మంలో నిలబడి కోటు తొడుక్కుంటున్నారు.

"మేడమ్, దీన్ని కూడా శుభ్రంగా తుడిచేసి కొత్తదానిలా చేసి పెట్టనా?"

"ఆ నో, యూ ఆర్ గ్రాండ్!"

ముందున్న నో నాకు వినబడింది. వినబడలేదని అబద్ధం చెప్పను. 'అబ్బే, నువ్వు మామూలోడివి కాదయ్యా' అంటాం చూడండి, అందులోని అబ్బే లాంటిదనుకున్నాను.

కంప్యూటర్ నన్ను అడిగింది, ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని. సరే అన్నాను. నిజంగానా అంది. నిజంగానే అన్నాను. మా ఇంట్లో నా పెళ్ళికి కూడా ఇన్నిసార్లు అడగలేదు. పైగా నేను ఈ విద్యలో ఆరితేరినవాణ్ణి. ఊరికే చెరిపితే ఎవరైనా తిరిగి లాగగలరని తెలుసు. అందుకని మూడుసార్లు చెరిపాను. ఈలోగా టీ తాగాను.

గురువారం ఉదయం నోరా మేడమ్ వచ్చి ఆ పాత కంప్యూటర్ ముందు కూర్చున్నారు. దాని తెర నున్నగా, తళతళలాడుతూ, ఖాళీగా ఉంది.

"గొంతులేవి?" అన్నారు.

"ఏ గొంతులు మేడమ్?"

అప్పుడు చెప్పారు. ఆవిడ ఈ ఏడాదితో రిటైరవుతున్నారు. ఇరవై రెండేళ్ళుగా ప్రతి జూన్‌లో, బడి వదిలి వెళ్ళే పిల్లల చేత ఒక్కో నిమిషం మాట్లాడించి రికార్డు చేసేవారట. పెద్దయ్యాక ఏమవుతావు, ద్వీపంలో నీకేది ఇష్టం, అంతే. మర్నాడు పాత పిల్లలంతా పడవలో వస్తున్నారు, తమ గొంతులు తాము వినడానికి. ఒక్కో రికార్డింగు మొదట్లో ఆ పిల్లల పేరు చెప్పేది ఆవిడ భర్త టామ్. బడికి బంట్రోతు, తోటమాలి, తాళాలు తీసేవాడు, అన్నీ ఆయనే. "అందరూ నిశ్శబ్దం. గాలీ, నువ్వు కూడా" అని, తర్వాత పేరు చెప్పేవాడట. ఆయన పోయి రెండేళ్ళయింది.

"పిల్లలదేముంది, మళ్ళీ చెబుతారు" అన్నారు. "టామ్..."

అక్కడ ఆగి, సరే మరి అన్నట్టు "రైట్ సో" అని లేచి, కెటిల్‌లో నీళ్ళు పోసుకున్నారు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. ఆవిడ నాకు కూడా టీ పెట్టారు.

ఫోన్‌కి సిగ్నల్ దొరికేది ప్రహరీ గోడ మీద ఒక్కచోటే. ఆ గోడెక్కి, గాలికి చొక్కా జెండాలా కొట్టుకుంటుంటే బావకి ఫోన్ చేశాను.

"బావా, గ్రాండ్ అంటే ఏంటి?"

"ఎవరన్నారు? నువ్వేం అడిగితే అన్నారు?"

"చెయ్యనా అంటే అన్నారు."

"అయితే వద్దని అర్థంరా. నాకూ మొదట్లో తెలీదు. ఒక పెద్దాయన్ని నొప్పికి ఇంజెక్షన్ చెయ్యమంటారా అంటే ఐ యామ్ గ్రాండ్ అన్నాడు. నేను సూది తీసుకుని వచ్చేసరికి మంచం దిగి బాత్రూమ్‌లో గడియ పెట్టుకున్నాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు టోపీ గురించి మాట్లాడుతుంటివి. సరే, అంతకుముందు నో అని ఏమన్నా అన్నారా?"

"...అన్నారు."

"ఒరేయ్! నో అంటే ఏ దేశంలోనైనా నోయే కదరా!"

"మొహమాటానికి అన్నారనుకున్నాను. మన ఇళ్ళల్లో వద్దు వద్దంటేనే కదా ఇంకో గరిటె వడ్డిస్తారు!"

"గరిటె వడ్డించడం వేరు, గిన్నె బోర్లించడం వేరు. బ్యాకప్ తీశావా?"

సిగ్నల్ పోతే బాగుండునని గోడ మీద కాస్త పక్కకి జరిగాను.

"లైన్లో ఉన్నావా? నీ ఉద్యోగం ఏంట్రా అసలు?"

"...బ్యాకప్."

అవతల బావ దగ్గాడో నవ్వాడో తెలియదు. చాలాసేపు దగ్గాడు.

ఆ రోజంతా నాకు తెలిసిన ప్రతి ఉపాయంతో ఆ పాత డిస్కుని తవ్వాను. ఏమీ రాలేదు. నేను చెరిపితే తిరిగి రాదని ఆఫీసులో నాకో పేరుంది. ఆ పేరు ఆ రోజు నిలబెట్టుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం పడవ వచ్చింది. ముప్పై మంది దాకా దిగారు. చేపలు పట్టేవాళ్ళు, నర్సులు, నేస్ అనే ఊరి నుంచి చంటిపిల్లతో వచ్చిన ఒకావిడ. నేను ముందే రేవులో నిలబడ్డాను. పెళ్ళి పందిట్లో పన్నీరు చల్లేవాడిలా ఒక్కొక్కరికీ ఎదురువెళ్ళి, "మీ గొంతు చెరిపేసింది నేనేనండి" అని చెప్పుకున్నాను. వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, నా భుజం తట్టి, "ఆ, యూ ఆర్ గ్రాండ్" అన్నారు. అంటే 'పోన్లే' అనట. ఈ మాటకి ఇది మూడో అర్థం. మూడూ నేర్చుకోవడానికి నాకు ఒక బడి ఖర్చయింది.

గదిలో అందరూ కూర్చున్నారు. కొత్త కంప్యూటర్ ముందు మైకు పెట్టాను. మళ్ళీ రికార్డు చేద్దామని వాళ్ళే అన్నారు. కానీ ఎవరూ మొదలుపెట్టరు. పేరు చెప్పేవాడు లేడు కదా. అప్పుడు వెనక నుంచి గుమ్మమంత మనిషి ఒకడు లేచాడు. వచ్చి, గొంతు సవరించుకుని, ముసలి గొంతుతో అన్నాడు.

"అందరూ నిశ్శబ్దం. గాలీ, నువ్వు కూడా."

నోరా మేడమ్ కప్పు కింద పెట్టేశారు.

"అలా కాదు" అంది ఒక నర్సు. "గాలీ అనే ముందు టామ్ ఒకసారి దగ్గుతాడు." తను దగ్గి చూపించింది.

"ఆ దగ్గు మీ నాన్నది" అన్నాడు ఇంకొకడు. "టామ్ది ఇదీ!"

ఇక చూడండి, ముప్పై మందీ ముప్పై రకాల టామ్‌లయ్యారు. ఒకరిని మించి ఒకరు దగ్గారు. ఆ గదిని ఎవరైనా బయటి నుంచి వింటే మా బావని పిలిపించేవారు. నోరా మేడమ్ పొట్ట పట్టుకుని, "బతికుండగా కూడా ఇంత బాగా దగ్గలేదు" అన్నారు. తర్వాత కళ్ళు తుడుచుకున్నారు. అవి నవ్వి వచ్చిన నీళ్ళా కాదా అని చూసే ధైర్యం నాకు లేకపోయింది. వైర్లు సర్దుతున్నట్టు నటిస్తూ బల్ల కింద దూరాను. ముప్పై మంది కలిసినా ఒక్క టామ్ కాలేరు. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. ఎవరూ నా వైపు చూడలేదు. చూడకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

సాయంత్రం నా పడవ వేళకి అన్నీ రికార్డయ్యాయి. నాకు ఆఖరి అవకాశం కనబడింది. బుద్ధి తెచ్చుకున్నవాడి గొంతుతో, ఎంతో వినయంగా అడిగాను.

"మేడమ్, వీటికి ఒక కాపీ తీసి పెట్టనా?"

ఆవిడ నాకూ కంప్యూటర్‌కీ మధ్యలోకి వచ్చి, రెండు చేతులూ అడ్డంగా చాపి నిలబడ్డారు.

"నో, నో, నో. యూ ఆర్ గ్రాండ్."

ఈసారి అర్థమైంది. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాను. కాపీలు అప్పటికే ముప్పై ఫోన్లలో ఉన్నాయట.

తిరుగు పడవలో, అట్లాంటిక్ సాక్షిగా, మూత తీయని సన్‌స్క్రీన్ సీసా మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరైనా నన్ను గ్రాండ్ అంటే, చేతిలో ఉన్నది కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేస్తాను. రెండోసారి అడగను. సంచీలు లాగను. నేను గ్రాండ్ కానని ఇందుమూలంగా రాసి ఇస్తున్నాను. దీనికి కాపీ కూడా తీశాను.