నేను కూర్చోవాలనుకున్న చైర్మన్ కుర్చీ

కొత్తగా పెళ్లయి, ఊర్లో నలుగురూ నన్నొక పెద్దమనిషిగా లెక్కేస్తున్నారని నేనే అనుకుంటూ తిరిగిన కాలమది. (నేను చదివింది ఐదో తరగతి, అదీ పూర్తిగా కాదు. రాయడం ఇదే మొదలు, తప్పులుంటే మీరే సర్దుకోండి.) పుంగనూరు దగ్గర మా ఊరి టమోటా రైతులం కలిసి ఒక కంపెనీ పెట్టుకున్నాము. వాటాలు రైతులవే, డైరెక్టర్లమూ మేమే. చైర్మన్ నేనే అవుతానని కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాను. అంతలో మా చిన్నాయన కొడుకు కుప్పం పిల్లను చేసుకొచ్చాడు. ఆ మరదలు ఎంబీయే చదివింది. ఆమెనూ డైరెక్టరును చేశారు. మీటింగులో ఆమె నోరు తెరిస్తే డైరెక్టర్లందరిలో వయసులో పెద్దవాడు, మా పెద్దాయన, బీడీ ఆర్పేసేవాడు. (నేను మాట్లాడితే ఇంకొకటి ముట్టించేవాడు.) నాకు కడుపు మండిపోయేది.

ఆమే మాట్లాడి ఒక సాస్ ఫ్యాక్టరీ ఆర్డరు తెచ్చింది. మొదటి లోడు నిలబడితే కంపెనీ నిలబడుతుంది, నిలబెట్టినవాళ్లే చైర్మన్ అవుతారు. లోడెత్తే రోజు ఆమె కుప్పంలో పుట్టింట్లో ఉంది. అక్కడి నుంచే ఫోన్ చేసింది.

"బావా, బాగా ఎర్రగా పండినివే పంపాల. దోరవి వద్దు."

"టమోటా గురించి నాకు సెప్తాండావా మా? నువ్వు పలక పట్టకముందు నుంచి కోస్తాండా!" అని పెట్టేశాను.

మదనపల్లె మార్కెట్టుకు మేము ఎప్పుడూ దోరకాయే కోస్తాము, దూరం పోయే లారీల్లో నలగకూడదు కదా. ఈమెకేం తెలుసని, గట్టి దోరకాయలు నేనే ఏరి, క్రేట్లలో ముద్దుగా పేర్పించి, పెళ్లికూతుర్ని పంపినట్టు లారీని పంపాను.

మధ్యాహ్నం డ్రైవరు ఫోన్. "అన్నా, ఈళ్లు దించుకోము అంటే దించుకోము అంటాండారు! సాస్‌కు రంగు రాదంట. కూరకైతే బాగుంటాయంట."

సిగ్గు చంపుకుని మరదలికే ఫోన్ చేశాను.

"పోనీలే బావా. దోరకాయే కదా, లారీని మదనపల్లెకు తిప్పించు. రేపు పండినివి పంపుతామని ఫ్యాక్టరీవాళ్లకు నేను సెప్తా."

అంతే. ఒక్క తిట్టు కూడా లేదు. తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేదో! ఆ లోడు మార్కెట్టులో అమ్ముడుపోయింది, ఎర్రటి లోడు ఫ్యాక్టరీలో దిగింది.

చైర్మన్ ఎన్నిక రోజు ఆమె పేరు చెప్పగానే అన్ని చేతులూ లేచాయి, నాది తప్ప.

"ఏమప్పా, సెయ్యి నొప్పా?" అన్నాడు పెద్దాయన.

"దోరకాయలు ఏరి ఏరి పట్టేసిండాది పెద్దాయనా" అంటూ ఎత్తాను. అందరికంటే గట్టిగా నవ్వింది మా ఆవిడే.

ఇప్పుడు కంపెనీ లాభాల్లో ఉంది. ఆమె ఆ కుర్చీలో, నేను పక్క కుర్చీలో. మొన్న నా కూతురు, "నాయనా, నేనూ సిన్నమ్మంత సదువుకోవాల్నా?" అని అడిగింది.

"ఆమె కన్నా ఒక్క క్లాసు ఎక్కువ సదువమ్మా" అన్నాను. అనేశాక నాకే నవ్వొచ్చింది.