ఆషాఢంలో మా లైవ్ ఆల్బమ్

మా డ్రమ్మర్ నాకు షేర్ ఆటోలో దొరికాడు.

నేను బోధన్‌లో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇల్లు నిజామాబాద్‌లో. పొద్దున బస్సులో బోధన్ వెళ్లి, బస్టాండు దగ్గర ఆటో ఎక్కి బడికి చేరుకుంటాను. దారంతా చెవుల్లో పాటలు ఉండాల్సిందే. ఒకరోజు ఇయర్‌ఫోన్లలో ఛార్జింగ్ అయిపోయి, వింటున్న పాట ఫోన్లోంచి ఒక్కసారిగా బయటికి మోగింది. పక్కన కూర్చున్నావిడ ఉలిక్కిపడింది. నేను ఆపబోతుంటే డ్రైవర్ వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"ఉండనియ్యి టీచరమ్మా. డ్రమ్ము కొట్టేటోడు గట్టోడే ఉన్నడు."

అరవైకి దగ్గరపడిన మనిషి. గడ్డానికి మెహందీ, మెడలో గళ్ల రుమాలు. ఎడమచేతి వేళ్లు హ్యాండిల్ మీద దరువు వేస్తున్నాయి.

అది ఒక ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండు జనం ముందు వాయిస్తూ రికార్డు చేసిన లైవ్ ఆల్బమ్. ఆ సంగీతంలో ఒక్క పాటే ఇరవై నిమిషాలు సాగుతుంది. అయిపోయిందనుకున్న చోట మళ్లీ మొదలవుతుంది. తాళం కూడా ఒక్కచోట నిలవదు, ఏడు దెబ్బల నుంచి అయిదుకు, అయిదు నుంచి తొమ్మిదికి దూకుతుంది. హైదరాబాద్ హాస్టల్లో మా రూమ్మేట్ హార్డ్ డిస్కులో ఆ పాటలు మొదటిసారి విన్నప్పుడు, ఆ ఏడు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పట్టుకోవడానికి నాకు నెల పట్టింది. అప్పుడు నేను చదువుతున్నది లెక్కలే.

ఆటో రెండు మలుపులు తిరిగేసరికి ఆయన తేల్చేశాడు. "గిది ఏడు గదా. మూడు, నాలుగు. మూడు, నాలుగు. ఒక కాలు జర కుంటుకుంట నడిచినట్టు."

"మీకెట్లా తెలుసు చాచా?" అన్నాను.

"ముప్పై ఏండ్లు పెండ్లి బారాత్‌ల సైడ్ డ్రమ్ము కొట్టిన బేటా. మా అబ్బా నేర్పిండు. డీజే డబ్బాలు వచ్చినయి, మా బ్యాండు ఒడిసింది. ఇగ గీ బండే."

ఆ రోజు బడి గేటు దాకా వచ్చినా నేను దిగలేదు. పాట అయిపోయేదాకా ఇద్దరం ఆటోలోనే కూర్చున్నాం. చివర్లో వేలమంది అరుపులు, ఈలలు వినిపిస్తే చాచా నవ్వాడు. "జనం ఉంటెనే డ్రమ్ముకు జాన్ వస్తది," అన్నాడు. ప్రేయర్ బెల్లు అయిపోయింది. ఉద్యోగంలో చేరాక నేను ఆలస్యంగా వెళ్లింది ఆ ఒక్కరోజే.

ఆ సంగీతంలో నాకు లైవ్ ఆల్బములంటేనే పిచ్చి. అదే పాట స్టూడియోలో చేసినది వింటే ఇస్త్రీ చేసి మడతపెట్టిన చీరలా ఉండేది. లైవ్‌లో ఊపిరి వినిపించేది. మొదటి స్వరం కంటే ముందే జనం రొద మొదలయ్యేది. కీబోర్డు వాయించేవాడు ఉన్నట్టుండి కొత్త దారి పట్టేవాడు, తిరిగి వచ్చేదాకా మిగిలినవాళ్లు అతని కోసం అక్కడక్కడే తచ్చాడేవాళ్లు. ఆ ఎదురుచూడటం నాకు పాటకంటే ఎక్కువ నచ్చేది. మా పాప బడికి పోవడం మొదలుపెట్టాక, ఫోన్లో వీడియోలు చూస్తూ గిటార్ నేర్చుకున్నాను. ఒంటరిగా ఎంత వాయించినా ఎదురుచూసేవాళ్లు ఉండరు కదా. మా వీధిలో మందుల దుకాణం నడిపే అన్న శనివారం భజనల్లో హార్మోనియం వాయిస్తాడు. అతనికి ఈ పాటలు వినిపించి, బతిమాలి, కీబోర్డు ముందు కూర్చోబెట్టాను. ఇద్దరమయ్యాం. మూడో మనిషి ఆటోలో దొరికాడు.

మాక్లూర్‌లో అన్నవాళ్లకు వడ్ల గోదాం ఉంది. ధాన్యం వెళ్లిపోయాక ఖాళీగా ఉంటుంది. ఆదివారాలు అక్కడ చేరేవాళ్లం. పాత డ్రమ్ సెట్ ఒకటి సంపాదించి పెడితే, చాచా దాని చుట్టూ తిరిగి చూసి తల అడ్డంగా ఊపాడు.

"కూసొని కొట్టుడు నాకు రాదు బేటా. ముప్పై ఏండ్లు నిలబడి, నడుసుకుంటనే కొట్టిన."

మొదటి రెండు ఆదివారాలు నిలబడే వాయించాడు. చేతులు ఆడుతుంటే కాళ్లు వాటంతటవే ముందుకు అడుగులేసేవి. మూడో ఆదివారం అన్న ఒక స్టూలు లాక్కొచ్చి, ఆయన్ను భుజాలు పట్టి కూర్చోబెట్టి, కుడికాలు తీసి పెడల్ మీద పెట్టాడు. "చాచా, ఇగ నడువు," అన్నాడు. కాలు నడిచింది. కింద పెద్ద డ్రమ్ము ధన్ ధన్‌మని పలికింది. చాచా తన కాలివైపు తానే కొత్తగా చూసుకున్నాడు. ఆ తర్వాత ఇంటికి పోదామని ఎవరం అనలేదు.

ఏడాదిలో ఒక పాట తయారైంది. నిడివి ఇరవై నాలుగు నిమిషాలు, మాటలు లేవు. పేరు 'చెరుకు బండ్లు'. చాచా చిన్నతనంలో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్లు బారులు తీరి ఉండేవట. ఎడ్ల మెడల్లో గంటలు, ఇరుసుల కిర్రు, సైరన్ కూత, అన్నీ నోటితో చేసి వినిపించేవాడు. అవే మా రాగాలయ్యాయి.

దాన్ని ఆల్బమ్‌గా తేవాలని టౌన్లో ఒక స్టూడియోకి వెళ్లాం. ఎవరిది వారు విడివిడిగా, చెవిలో టిక్కు టిక్కుమనే శబ్దానికి తగ్గట్టు వాయించాలన్నారు. చాచా పది నిమిషాలకే హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాడు.

"గీ టిక్కుటిక్కు నా లెక్క చెడగొడ్తున్నది. మీరిద్దరు కనవడకుంటే నేను ఎవరికి కొట్టాలె?"

మెట్లు దిగుతుంటే అన్న బాగా చిన్నబోయాడు. నాకు మాత్రం ఏదో తాళం తెరుచుకున్నట్టయింది. "మనం లైవ్ ఆల్బమే తీద్దాం. జనం ముందర, ఒక్కసారే," అన్నాను.

ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు లేవు, ఫంక్షన్ హాళ్లన్నీ ఖాళీ. బోధన్‌లో ఒక హాలు యజమాని పెళ్లికి చాచానే బారాత్‌లో వాయించాడట. అడగ్గానే ఆదివారం పొద్దుటిపూట ఇచ్చేశాడు. పెళ్లిళ్లకు మైకులు పెట్టే తమ్ముడొకడు ఎనిమిది మైకులు, ల్యాప్‌టాపు తెచ్చాడు. మా పదో తరగతి పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, అన్న భజన బృందం, ముందు వరుసలో చాచా పాత బ్యాండువాళ్లు అయిదుగురు వచ్చారు. మోర్తాడ్‌లోని పుట్టింటి నుంచి మా బాపు, అవ్వ పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. కార్యక్రమం అయ్యాక బగారన్నం అని చెప్పాం. వాసన అప్పటికే హాల్లోకి వస్తోంది.

బయట వాన. పైన రేకుల కప్పు. పదిన్నరకు మొదలుపెట్టాం.

మా పాట మూడుచోట్ల ఆగి మళ్లీ లేస్తుంది. అది వాళ్లకు తెలియదు. ఆరో నిమిషంలో మొదటిసారి ఆగగానే చప్పట్లు కొట్టి సగం మంది లేచారు. కుర్చీలు కిర్రుమన్నాయి. చాచా కర్ర దెబ్బ పడగానే మళ్లీ కూర్చున్నారు. పదమూడో నిమిషంలో రెండోసారి ఆగాం. మళ్లీ చప్పట్లు, మళ్లీ లేచారు. ఇక్కడ చాచా డ్రమ్ము ఒక్కటే మెల్లగా అందుకుంటుంది. ఏడు దెబ్బల చుట్టు ఎనిమిదిసార్లు తిరిగాక నా గిటార్ రావాలి. నేను మనసులో లెక్కపెడుతున్నాను. ఏడో చుట్టులో ఉండగా, మూడో వరుసలోంచి మా అవ్వ గొంతు హాలంతా వినిపించింది.

"ఇంక ఒడువలేదా ఇది?"

హాలు గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది. నవ్వులో లెక్క జారిపోయింది. ఎనిమిదో చుట్టులో అయిదు దెబ్బలు పడ్డాయో లేదో, గిటార్‌తో దూకేశాను. దూకిన క్షణంలోనే తెలిసిపోయింది. ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఎక్కాలు చెబుతున్నాను, ఏడు లెక్కపెట్టలేకపోయాను.

చాచా ఒక్కసారి తలెత్తి చూశాడు. కోపం లేదు, కంగారు లేదు. రెండు కర్రలతో సైడ్ డ్రమ్ము మీద ఒక ఉరుము ఉరిమించాడు. పెళ్లికొడుకు గుర్రం మలుపు తిరిగేటప్పుడు బ్యాండువాళ్లు కొట్టే ఉరుము అది. మిగిలిన రెండు దెబ్బలు దాంట్లోనే మింగేసి, నేను దూకిన చోటునే ఒకటో దెబ్బగా చేసి నిలబెట్టాడు. అన్న రెప్పపాటులో అందుకున్నాడు. ముగ్గురం ఒకే అడుగు మీద ఉన్నాం. ముందు వరుసలో పాత బ్యాండులో ట్రంపెట్ ఊదిన ముసలాయన ఒక్కడే "శెభాష్!" అని తొడ చరిచాడు. మిగతా హాలుకు ఏమీ తెలియలేదు.

మూడోసారి ఆగినప్పుడు ఎవరూ లేవలేదు. వాన చప్పుడు ఒక్కటే. వంద మంది ఊపిరి బిగబట్టి చాచా చేతులవైపు చూస్తున్నారు. చివరి నాలుగు నిమిషాలు నేనెట్లా వాయించానో గుర్తులేదు. అయిపోయాక పాత బ్యాండువాళ్లు అయిదుగురూ ముందు లేచారు, తర్వాత హాలు హాలంతా లేచింది. ఈసారి అన్నం కోసం కాదు. మా బడి పిల్లలు కుర్చీలెక్కి ఈలలు వేస్తున్నారు. నేను వాళ్లను ఆపలేదు.

వారం తర్వాత రికార్డింగు వినడానికి గోదాంలో కూర్చున్నాం. పద్నాలుగో నిమిషం వచ్చేసరికి నేను తల దించుకున్నాను. మైకుల తమ్ముడు ధైర్యం చెప్పాడు.

"అక్కా, ఏం ఫికర్ వద్దు. అవ్వ మాట తీసేస్త, నవ్వులు తీసేస్త. గా ముక్క నువ్వు మళ్ల వాయించు, అతికిస్త. ఎవ్వలకు తెల్వదు."

"అదే చేద్దాం. పెద్ద పెద్ద బ్యాండ్లు కూడా ఇంటికొచ్చి సరిచేసుకుంటాయి," అన్నాను. అది నిజమే. నేను ప్రాణంగా విన్న కొన్ని లైవ్ ఆల్బముల్లో సగం తర్వాత స్టూడియోలో మార్చినవేనని చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అయినా ఆ పూట అదే సాకు తెచ్చుకున్నాను.

చాచా చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"బేటా, నువ్వు తప్పినవు. నేను పట్టుకున్న. నీ తప్పు తీసేస్తే నేను పట్టుకున్నది గూడ పోతది. ముప్పై ఏండ్లల గట్ల ఎన్నడు పట్టలే. అది నాది. ఎట్ల తీస్తవు?"

అన్న నావైపు చూశాడు. నేను మైకుల తమ్ముడితో, "ఏదీ ముట్టుకోకు తమ్మీ. అవ్వ మాట కూడా," అన్నాను.

ఆల్బమ్ అట్లాగే ఇంటర్నెట్‌లో పెట్టాం. వాన, కుర్చీల కిర్రు, అవ్వ, నా తప్పు, చాచా ఉరుము, అన్నీ ఉన్నాయి. మొదట్లో విన్నది మా పిల్లలు, అన్న దుకాణానికి మందులకు వచ్చేవాళ్లు, చాచా ఆటో ఎక్కినవాళ్లు. ఆ చివరివాళ్లకు తప్పించుకునే దారి లేదు.

దసరా సెలవులు అయ్యాక ఒక ఉత్తరం వచ్చింది. మెయిల్లోనే, కానీ ఉత్తరమంత పొడుగు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే ఇద్దరమ్మాయిలు, ఒకబ్బాయి కలిసి రాసింది. మా పాట మొత్తం నేర్చుకున్నారట. 'మేడమ్, అన్నీ ఏడు దెబ్బలే ఉండి ఎనిమిదో చుట్టు ఒక్కటే అయిదు ఎందుకు పెట్టారు? ఆ ఆలోచన ఎట్లా వచ్చింది? మా డ్రమ్మర్‌కు ఆ ఒక్క చుట్టు రావడానికి మూడు వారాలు పట్టింది' అని అడిగారు.

బస్టాండు దగ్గర ఆటోలో కూర్చుని చాచాకు చదివి వినిపించాను. ఆయన కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "నీ తప్పును పొల్లగాండ్లు పాఠం లెక్క సదువుతున్నరు టీచరమ్మా!" ఆ ముగ్గురూ ఒక ఆదివారం బస్సు పట్టుకుని వచ్చారు. డ్రమ్ములు వాయించే అమ్మాయి చాచా పక్కన కూర్చుని ఆ ఉరుమును నాలుగుసార్లు వేయించుకుంది. అయిదోసారి తనే వేసింది. చాచా లేచి తన కర్రలు ఆమె చేతిలో పెట్టాడు.

వాళ్ల పట్టుదల మీదే నిజామాబాద్‌లో రెండో కచేరీ జరిగింది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం. మార్కెట్ యార్డుకు పసుపు దిగుతున్న రోజులు, హాల్లోకి వచ్చినవాళ్ల బట్టల్లోంచి కూడా ఆ వాసనే. "ఈసారి మావోళ్లను గూడ నిలబెడదాం," అన్నాడు చాచా. పాత బ్యాండువాళ్లు ట్రంకు పెట్టెల్లోంచి ట్రంపెట్లు, క్లారినెట్లు తీసి మూడు నెలలు సాధన చేశారు. సైరన్ కూత వచ్చే చోట అయిదుగురూ ఒక్కసారి ఊదేసరికి, గోడల పక్కన నిలబడ్డ జనం కూడా కేకలు పెట్టారు. కుర్చీలు సరిపోలేదు. ఆ రోజు నేను ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. దాన్నీ రికార్డు చేసి, ఏమీ మార్చకుండా విడుదల చేశాం. అది మా రెండో లైవ్ ఆల్బమ్.

కచేరీ అయ్యాక జనం పలచబడుతుండగా నల్ల బురఖాలో ఒక పెద్దావిడ వేదిక మెట్ల దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చాచా భార్య.

"బారాత్ సడక్ మీద పోతుండె, నేను ఇంట్ల ఉంటుంటి," అంది. "ముప్పై ఏండ్లు కొట్టిండు బేటా. నేను కూసొని వినుడు గిదే మొదలు."

"ఎట్లుంది చాచీ?"

ఆమె వేదిక మీద డ్రమ్ సెట్ ఇత్తడి పళ్లేలు విప్పుతున్న భర్తను కాసేపు చూసింది.

"మస్తు కొడ్తడు," అంది, ఆయనకు వినిపించేటట్టే.

చాచా అటు తిరిగి, అప్పటికే శుభ్రంగా ఉన్న డ్రమ్మును గళ్ల రుమాలుతో చాలాసేపు తుడిచాడు.