ఆదాయం చూడ్డానికి లంకకి వెళ్ళిన శనివారం

ఈ ప్రయాణం ఒక ఫారం వల్ల మొదలైంది. కలిసి డిగ్రీ చదువుకున్న పదకొండు మందిమి ఏటా తలా కొంత వేసుకుని ఒక విద్యార్థి కాలేజీ ఫీజు కడుతుంటాం. ఒకరికి మించి మా వల్ల కాదు. ఈసారి జాబితాలో మొదటి పేరు కీర్తన. కొత్తపేట దగ్గర గోదావరి మధ్యలో ఉన్న లంకలో ఉంటుంది. బీఎస్సీ నర్సింగ్‌లో కన్వీనర్ సీటు కొద్దిలో తప్పిపోయి మేనేజ్‌మెంట్ కోటాలో దొరికింది. ఆ కోటాకి ప్రభుత్వం ఫీజు కట్టదు. బుధవారంలోగా మొదటి ఏడాది డబ్బు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. వాళ్ళ ఇల్లు చూసి, ఫారం నింపి పంపే పని రాజమండ్రిలో ఉంటున్న నా మీద పడింది. ఆ ఫారం తయారుచేసింది కూడా నేనే. ఇంట్లో సోఫా ఉందా, ఫ్రిజ్ ఉందా, బండి ఉందా అని వరసగా అడుగుతుంది. వస్తువులు ఎక్కువైన కొద్దీ మార్కులు తగ్గుతాయి. అది రాసినప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను. ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. చివరిదాకా చదివితే ఎందుకో మీకే తెలుస్తుంది.

ఉదయం ఆరుంపావుకి రాజమండ్రి కాంప్లెక్సులో అమలాపురం బస్సెక్కాను. శనివారం బయల్దేరడం నా తప్పే. వాడపల్లి వెంకన్న దగ్గరికి వెళ్ళేవాళ్ళతో బస్సు కిక్కిరిసిపోయింది, రావులపాలెంలో వాళ్ళు దిగాక గానీ నాకు సీటు దొరకలేదు. ఆడవాళ్ళకి ఇప్పుడు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. కండక్టరు నా చేతిలో సున్నా టికెట్ పెట్టి ముందుకి వెళ్ళిపోయాడు. నెలజీతం తీసుకునే నన్ను నీ ఆదాయం ఎంత అని ఎవరూ అడగలేదు. అప్పుడు నాకు అందులో వింతేమీ కనిపించలేదు. అంతకు ముందు, జొన్నాడ దాటి గౌతమి వంతెన మీదికి వచ్చేసరికి బయట ఏమీ లేదు, అంతా పొగమంచే. కింద నీళ్ళున్నాయో లేవో తెలియలేదు. ఆవలి ఒడ్డున కొబ్బరి తలలు మాత్రం మొదళ్ళు లేకుండా గాల్లో నిలబడి ఉన్నాయి. మేలుకునే ఉన్నానా అని ఒక్కసారి కళ్ళు నులుముకున్నాను.

కొత్తపేటలో దిగేసరికి ఎనిమిదైంది. సెంటర్లో రెండిడ్లీ, ఒక గారె తిని టీ తాగితే యాభై రూపాయలైంది. అక్కడి నుంచి రేవుకి ఆటో నూట యాభై అడుగుతారు, ఇచ్చేయండి, కాలవగట్టు వెంట ఆ ఇరవై నిమిషాలకి అంతకంటే ఎక్కువే ఇవ్వొచ్చు. మంచు కరిగి ఎండ కొబ్బరాకుల మధ్యనుంచి చారలు చారలుగా రోడ్డు మీద పడుతుంటే ఆటో ఆ చారల్లోంచి పోతూనే ఉంది. డ్రైవరు వెనక్కి తిరగకుండానే, "లంకలో ఎవరింటికాండి?" అని అడిగాడు. యేసురత్నం గారింటికి అన్నాను. "ఆయ్, రత్నం గారి పాపకి డాక్టరు సీటొచ్చిందంట కదండీ" అన్నాడు. డాక్టరు కాదు నర్సు అని దిద్దబోయాను. "మాకు ఏదైనా ఒకటేనండి, సూదేస్తే చాలు" అన్నాడు.

నావకి ఇరవై రూపాయలు. పది నిమిషాల దాటు. నాతోపాటు రెండు అరటిగెలలు, ఒక మేక, మేక తాలూకు ముసలమ్మ. నావ నడిపే సత్తిబాబు గారు తెడ్డు పక్కన పెట్టి వెదురుగడ తీసుకున్నాక చప్పుడన్నది లేకుండా పోయింది. నీళ్ళ మీద వెలుతురు చూస్తూ ఉంటే ఎందుకో మా ఇల్లు గుర్తొచ్చింది. నేను ఇంటర్ చదివేటప్పుడు స్కాలర్‌షిప్పు కోసం ఆదాయం చూడ్డానికి రెవెన్యూ ఆయన మా ఇంటికి వచ్చాడు. ఆయన వస్తున్నాడని తెలియగానే అమ్మ చెవి దిద్దులు తీసి బియ్యం డబ్బాలో వేసింది, రేడియో మంచం కిందికి పోయింది, నాకు మోకాలి దగ్గర చిరిగిన పరికిణీ కట్టింది. మేమేమీ అంత లేనివాళ్ళం కాదు. స్కాలర్‌షిప్పు వచ్చింది, చదువుకున్నాను, ఉద్యోగమూ వచ్చింది. అందుకే నా ఫారంలో బీరువా వెనక, మంచం కింద ఏం దాచినా పట్టుకునే ప్రశ్నలున్నాయి. దొంగదారి తెలిసినదాన్ని కదా.

రేవులో కీర్తన నిలబడి ఉంది. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన చుడీదార్లో ఉంది. నా చేతిలో సంచీ లాక్కుని, "బాగా వచ్చేరా మేడంగారండీ" అంటూ ముందు నడిచింది. కందపాదుల మధ్య దారి, అరటితోట, ఆ తర్వాత రేకుల కప్పున్న ఒక చిన్న ఇల్లు. లోపల అడుగుపెట్టగానే నా లెక్క తప్పింది. గది నిండా సోఫా సెట్టు, దాని మీద అల్లిక గుడ్డలు. మూలన నెమలి బొమ్మ అంటించిన ఫ్రిజ్. స్టాండు ఫ్యాను. బల్ల మీద గాజు గ్లాసులు. యేసురత్నం గారు తెల్ల చొక్కా వేసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డారు, ఎంత చెప్పినా కూర్చోలేదు. ఆయన ఒడ్డున కొబ్బరికాయల కొట్టులో కాయలు వలుస్తారు, నేలలో పాతిన గునపం మీద రోజంతా. ఆదాయ ధ్రువపత్రం చూస్తే అంకె చాలా చిన్నది. ఇల్లు చూస్తే అలా లేదు. ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగాను. "దేవుడి దయ వల్ల ఏ లోటూ లేదండి" అన్నారు. పని రోజూ దొరుకుతుందా అన్నాను. "బానే ఉంటదండి" అన్నారు. దేనికైనా అదే జవాబు. నాకు లోపల అనుమానం మొదలైంది, చిన్న కోపం కూడా వచ్చింది.

ఆయన భార్య సంతోషమ్మ గారు భోజనానికి లెగమన్నారు. కోడికూర, గారెలు, ములక్కాడ వేసిన రొయ్యల ఇగురు, కందాబచ్చలి, పప్పు, చారు, గడ్డపెరుగు, చివర్లో జున్ను. వద్దంటే చెయ్యి అడ్డం పెట్టిన చోటు వదిలేసి పక్కన వడ్డించారు. ఫ్రిజ్ ఉన్నా మంచినీళ్ళు కుండలోంచే తెచ్చారు, ఆ చల్లదనం గొంతులో చాలాసేపు ఉంది. తింటున్నంతసేపూ కీర్తన ఏదో చెప్పాలన్నట్టు నా వంకా వాళ్ళ నాన్న వంకా చూసింది. నేను పట్టించుకోలేదు. చెయ్యి కడుక్కుని, గదిని రెండు ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాను, ఫారంలో ఉన్నవాటికి ఉన్నట్టు టిక్కులు కొట్టాను. రేవుకి నడిచేలోపే మా లెక్కలు చూసే భాస్కర్ నుంచి మెసేజి వచ్చింది. "మా ఇంట్లో కూడా ఇలాంటి సోఫా లేదు. రెండో పేరుకి వెళ్దాం." మిగతావాళ్ళు వరసగా సరేనన్నారు. నేను కూడా సరే అని పెట్టేశాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

నావ నిండితే గానీ కదలదు. మధ్యాహ్నం రెండు గంటలకి ఎవరూ రారు, అరగంట పడుతుందన్నారు సత్తిబాబు గారు. ఒడ్డున కూర్చుంటే తిన్న తిండికి, నీళ్ళ గాలికి కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆ మగతలోనే, దూరంగా తోటల మధ్య గట్టు మీద ఒక ఊరేగింపు కనిపించింది. ముందు ఒక మనిషి నెత్తిన సోఫా కుర్చీ, దాని వెనక ఇద్దరు మోస్తున్న పెద్ద సోఫా, ఆ వెనక తొక్కుడు బండి మీద నిలబెట్టి తాళ్ళతో కట్టిన ఫ్రిజ్. చివర్లో కీర్తన, రెండు చేతులా గాజు గ్లాసుల ట్రే పట్టుకుని, ఒక్కొక్క అడుగూ చూసి వేస్తోంది. ఎండలో ఆకుల నీడలు వాటి మీద కదులుతుంటే నేను కల కంటున్నాననే అనుకున్నాను. ఫ్రిజ్ ఇటు తిరిగింది. దాని మీద నెమలి ఉంది.

"సోఫా ప్రెసిడెంటు గారిదండి" అన్నారు సత్తిబాబు గారు, నేను అడక్కుండానే, ఎంతో సంతోషంగా. "ఫ్రిజ్ మా బావగారిదండి. పొద్దున్న ఆరింటికే అందరం కలిసి మోసేం. రత్నం ఇంటికి చదువు చెప్పించేవాళ్ళు వస్తున్నారంటే కాదన్నవాళ్ళు లేరండి. ఇల్లు బావుందాండి?"

బావుందండి అన్నాను. నావ నాకోసం ఆపొద్దని చెప్పి లేచాను.

ఇంటి దగ్గరికి వెళ్ళేసరికి యేసురత్నం గారు చొక్కా విప్పేసి గడపలో కూర్చున్నారు. నన్ను చూసి గబుక్కున లేచి, కుర్చీ వేద్దామన్నట్టు లోపలికి చూశారు. గదిలో చుట్టి గోడకి ఆనించిన చాప తప్ప ఏమీ లేదు. ఆయన మొహం చూడలేక నేనే చాప పరుచుకుని కూర్చున్నాను. "మీరు చూసేరాండి" అన్నారు. చూశానన్నాను. ఎందుకిలా చేశారని అడిగాను. మీ దగ్గర లేదని తెలిస్తేనే కదా మేం ఇచ్చేది అన్నాను. నా గొంతు కొంచెం పెరిగిందేమో, సంతోషమ్మ గారు వంటింట్లోంచి వచ్చి నిలబడ్డారు.

"మొన్నటి నెలలో పాప చదువుకి లోను అడిగితే బ్యాంకాయన ఇల్లు చూడ్డానికొచ్చేరండి" అన్నారు యేసురత్నం గారు. "ఇదే గదండి, ఇదే చాప. చూసి, మీ ఇంట్లో ఏమీ లేదు కదండీ, ఏం చూసి ఇమ్మంటారు అని వెళ్ళిపోయేరు. మరి మీరూ ఇల్లు చూడ్డానికొస్తాం అన్నారు. ఏమీ లేకపోతే మీరూ ఇవ్వరనుకున్నామండి."

కీర్తన అప్పుడే తిరిగొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. "నేను చెప్పేనండి మేడంగారండీ, వాళ్ళు వేరు వీళ్ళు వేరు అని" అంది. "నాన్నగారు నమ్మలేదండి. ఒకళ్ళు లేదని పోతే ఇంకొకళ్ళు ఉందని పోతారేంటి, అలాగెక్కడైనా ఉంటదా అన్నారండి."

సంతోషమ్మ గారు మెల్లగా కల్పించుకుని, "కోడి మాత్రం మాదేనండి" అన్నారు. ఆవిడ నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. కాసేపటికి ఫారం తీసి, ఒక్కొక్కటీ మళ్ళీ అడిగాను. వానాకాలంలో వరదకి ఎన్ని రోజులు పని ఉండదో, కొబ్బరి ధర పడిపోతే కొట్టు ఎన్నాళ్ళు మూస్తారో, భుజం నొప్పి వచ్చిన వారం ఇల్లు ఎలా గడుస్తుందో ఆయన ఈసారి చెప్పారు. నా ఫారంలో వీటికి గళ్ళు లేవు, అంచుల్లో రాసుకున్నాను. ముందు పెట్టిన టిక్కులన్నీ చెరిపేసి, వస్తువుల గడికి ఎదురుగా ఇలా రాశాను: "ఇవన్నీ అతిథి కోసం తెచ్చినవి. ఆ అతిథిని నేనే." ఇది మా వాళ్ళకి చూపించొచ్చా అని ఆయన్నే అడిగాను. ఆయన కూతురి వంక చూసి, "చూపించండి" అన్నారు.

నాలుగున్నర నావకి ఒడ్డు చేరాను. చివరి నావ ఐదున్నరకి, అది తప్పితే లంకలోనే ఉండిపోవాలి. కొత్తపేట నుంచి రాజమండ్రికి బస్సులు సాయంత్రం అరగంటకొకటి దొరుకుతాయి. దారంతా భాస్కర్‌తో ఫోన్లో పోట్లాడాను. జాలిపడి రూలు మారిస్తే రేపు ఎవరినీ కాదనలేం అన్నాడు. నువ్వు చూసిన సోఫా ఎవరిదో తెలుసా అని మొత్తం చెప్పాను. అంతా విని, "చిన్నప్పుడు మా ఇంటికి పెద్దవాళ్ళొస్తే మేమూ పక్కింటి కుర్చీలే తెచ్చేవాళ్ళం" అన్నాడు. సోమవారం సాయంత్రానికి పదకొండు మందీ ఒప్పుకున్నారు, మంగళవారం ఫీజు కట్టాం. కీర్తన ఇప్పుడు హాస్టల్లో ఉంది.

అయినా నాకు పూర్తిగా మనశ్శాంతి లేదు. రెండో పేరు అబ్బాయి ఇంటికి ఎవరమూ వెళ్ళలేదు, వాళ్ళు మాకోసం ఏం దాచారో, ఏం తెచ్చుకున్నారో తెలియదు. మా అమ్మ దిద్దులు తీసి తక్కువగా కనపడింది, నాకు చదువొచ్చింది. యేసురత్నం గారు సోఫా తెచ్చి ఎక్కువగా కనపడ్డారు, ఇంకొంచెంలో ఆ పిల్ల చదువు పోయేది. ఇద్దరూ పిల్లల కోసమే చేశారు. ఇంటి ఆదాయం అనేది గదిలో నిలబడి చూస్తే కనిపించేది కాదని, ఆ ఇంట్లో భోంచేసి కూడా నాకు తెలియలేదు. ఆ ఫారం మళ్ళీ వాడలేదు. మీరూ ఇలాంటి పని మీద కోనసీమ వైపు వెళ్తుంటే శనివారం మానుకోండి, నావకి చిల్లర పెట్టుకోండి. అన్నిటికంటే ముందు, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే ఒక్క మాట అడగండి: మీ ఇల్లు చూడ్డానికి మాకంటే ముందు ఎవరొచ్చారు, ఏమని వెళ్ళారు?