ఇస్త్రీ నలగని సూటు

తొంభైల్లో రాజమండ్రి నుంచి పనిమీద వెళ్ళి, జూబ్లీహిల్స్‌లో షూటింగు జరుగుతున్న ఓ బంగళా ముందు అరుగు మీద కూర్చున్నాను. పక్కనే సూటు వేసుకున్న ఒకాయన నిలబడి ఉన్నాడు. ఉండేది కృష్ణానగర్‌లో, ఆ రోజు పార్టీ సీనులో గుంపులో ఒక అతిథి వేషమట. కూర్చోమంటే తల అడ్డంగా ఊపాడు.

“ఇస్త్రీ నలిగితే కాస్ట్యూమర్ ఊకోడు సార్.”

ఎప్పటికైనా ఒక ఇంగ్లీషు డైలాగు దొరక్కపోతుందా అని భాష నేర్చుకుంటున్నాడు. నేను ఇంగ్లీషు మాస్టారినని తెలియగానే ‘పుటాన్’కీ ‘వేర్’కీ తేడా అడిగాడు. తొడుక్కోవడం మొదటిది, ఒంటిమీద ఉంచుకోవడం రెండోది అని చెప్పాను.

తన కోటు వైపు చూసుకున్నాడు.

“గట్లయితే పుటాన్ పొద్దుగాల ఆరింటికే అయిపోయింది సార్. గప్పటి సంది వేర్ చేస్తనే ఉన్న. ఇంకా పిలువలే.”

అప్పటికి మధ్యాహ్నం మూడు దాటింది. నాకిక కూర్చోబుద్ధి కాలేదు.