తొందర మనిషి

మా గైడు సారు తొందర మనిషి. పొగలు కక్కే టీని రెండు గుక్కల్లో తాగేసేవాడు. ఎవరైనా వెనకాల సరిగ్గా కూర్చునేలోపే బండి కదిలించేవాడు. తిరుపతిలో ఆయన దగ్గర రీసెర్చి చేసిన నాలుగేళ్లలో ఆయన కుదురుగా కూర్చున్నది ఒక్కచోటే చూసినాను. బీకరు నీళ్లలో వేలాడే పలచని సంచి ముందు. ఆ సంచిలో ప్రోటీను మడుచుకుంటా ఉండేది.

ప్రోటీనంటే ఒక పొడుగాటి గొలుసు, యూరియాలో అది మడతలు విప్పుకుంటాది. యూరియాని మెల్లమెల్లగా తీసేస్తే మళ్లా తనంతట తానే మడుచుకుంటాది. ఒకనాడు కార్వేటినగరం బస్సు తప్పిపోతుందని నేను బీకరులోని యూరియా నీళ్లన్నీ ఒకేసారి మార్చేసి పరిగెత్తినాను. పొద్దున చూస్తే సంచిలో విరిగిన పాల మాదిరి తెల్లటి ముక్కలు. ఆర్నెల్ల కష్టం.

"మొత్తం పాడు చేసినాను సార్," అన్నాను ఏడుస్తా.

"పాడైపోలేదులేమ్మా. గొలుసులో నీళ్లంటే గిట్టని ముక్కలుంటాయి గదా, అవి లోపల దాక్కోవాలనే అది మడుచుకునేది. నువ్వు తొందరపెట్టినావు. ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకట్టినాయి. మళ్లా యూరియాలో ఇప్పుదాం పా."

ఈసారి రెండు రోజులు కొంచెం కొంచెంగా యూరియా తగ్గించినాము. చివరిసారి నీళ్లు మార్చినాక సారు స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. అటెండరు టీ తెచ్చిచ్చినాడు.

"ఇంకెంతసేపు సార్?"

"దానికి తెలుసమ్మా. మనం ఊరికే ఉంటే సాలు."

గంట గడిచినా సంచి తేటగానే ఉండాది. అప్పుడు ఆయన చేతికేసి చూసినాను. టీ మీగడ కట్టి ఉండాది. ఒక్క గుక్క కూడా తగ్గలేదు.