డిసెంబరులో రమ్మన్నాను

మద్రాసు గురించి నన్నెవరైనా కదిపితే ఇక ఆగను. తాతల నాడే నెల్లూరు వదిలి అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లం మేము. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. పెళ్లయి మా ఆయన వెంట ఖతర్ వచ్చి దుఖాన్‌లో పడ్డాక ఈ జబ్బు ఇంకా ముదిరింది. మా ఆయన చమురు బావుల దగ్గర ఇంజనీరు. చమురు డబ్బు పొంగి, దోహా అంతా తవ్విపోసి కడుతున్న రోజులవి. వెస్ట్ బేలో సముద్రాన్ని పూడ్చి నేల చేస్తున్నారనీ, అక్కడేదో పెద్ద హోటల్ లేస్తోందనీ శుక్రవారం వస్తే అందరూ బళ్లు కట్టుకుని చూడటానికి వెళ్లేవాళ్లు. నేనూ వెళ్లి చూసి, "ఇదేం సముద్రం, అల లేదు, వేడి శనగల సుండల్ లేదు" అని మూతి విరిచి వచ్చేదాన్ని. కాకిపిల్ల కాకికి ముద్దు.

మా కంపెనీ ఇళ్ల ముందు మొక్కలకు నీళ్లు పెట్టే మనిషి జగిత్యాల వైపు నుంచి వచ్చినవాడు. కాంట్రాక్టరు కింద పని. ముప్పై అయిదేళ్లుంటాయేమో, నాకంటే పెద్దవాడే. ఆ ఉప్పు ఇసుకలో గన్నేరు పూయించాడంటే అతని చేతి గుణం అనుకోవాలి. అతను నన్ను మీరు అనేవాడు, నేను అతన్ని నువ్వు అనేదాన్ని. అప్పట్లో అది తప్పని కూడా నాకు తోచలేదు.

ఒకరోజు పొద్దున్న పైపు పక్కన పడేసి వచ్చి, జేబులోంచి క్యాసెట్ తీసి, మీ టేప్ రికార్డరులో ఒకసారి పెడతారా అమ్మా అని అడిగాడు. ఊరి నుంచి భార్య పంపిందట, సెలవు మీద వెళ్లి తిరిగొచ్చిన ఒకతని చేత. క్యాంపులో గదికి పన్నెండు మంది, టేప్ రికార్డరు ఒక్కటే. పన్నెండు మందిలో భార్య గొంతు వినాలంటే సిగ్గట. వంటింటి వెనక వసారాలో పెట్టి ఇచ్చి నేను లోపలికి వెళ్లిపోయాను. వెళ్లానన్న మాటే గానీ తలుపు తీసే ఉంది, వినపడకుండా ఎలా ఉంటుంది?

గలగలమనే గొంతు. మాటల మధ్య కత్తెర చప్పుడు. ఆమె బీడీలు చేస్తుందనీ, పనాపకుండా ఆకు కత్తిరిస్తూనే మాట్లాడుతుందనీ తర్వాత అతనే చెప్పాడు. పిల్లలు లేరు. పంటల సంగతీ, అత్తగారి మోకాళ్ల సంగతీ అయిపోయాక ఆమె అసలు విషయానికి వచ్చింది.

"మద్రాసుల సముద్రం చూసిన అంటివి. ఎట్లుంటది? మన చెరువంత ఉంటదా, ఇంక పెద్దగుంటదా? ఏమేం చూసినవో ఒక్కొక్కటి చెప్పు. ఉత్తగ మంచిగుంది, మంచిగుంది అంటవు."

టేపు ఆగాక అతను తల పట్టుక్కూర్చున్నాడు. ఏమైందని అడిగితే, మద్రాసులో ఏమేం ఉంటాయి అమ్మా అన్నాడు. నువ్వు చూశావుగా అన్నాను.

"ఏడ చూసిన్నమ్మా. ఏజెంటు మమ్ముల సెంట్రల్ టేషన్ కాడ లాడ్జిల పెట్టి తాళమేసిండు. ఐదొద్దులు. కిటికీల కెళ్లి ఒక గోడ కనవడ్డది. గోడ చూసిన అని ఇంటికి ఎట్ల రాయిస్త? మద్రాసంత తిరిగిన, సముద్రం చూసిన, నీకు గూడ చూపిస్త అని రాయించిన."

నేను పగలబడి నవ్వాను. అతనూ నవ్వాడు పాపం. అబద్ధమాడినందుకు అతనికి పెద్ద బాధ లేదు. చూపిస్తానన్న మాటే పీక మీద కత్తిలా ఉంది. పెళ్లయి పదకొండేళ్లయినా ఆమె కరీంనగర్ దాటి ఎక్కడికీ వెళ్లలేదట. ఇక్కడ సముద్రం రోజూ అతని కళ్ల ముందే ఉంది, కానీ కూలి వీసా మీద వచ్చినవాడు పెళ్లాన్ని తెచ్చుకోలేడు కదా. వచ్చే మే నెలలో రెండు నెలల సెలవు ఉంది. ఆమెను కాజీపేటలో రైలెక్కించి మద్రాసు తీసుకెళ్లాలి. అంతవరకూ ఆమె ప్రశ్నలకు జవాబులు కావాలి.

ఈ పని దేవుడు నాకోసమే పంపాడనుకున్నాను. ఒక కొత్త క్యాసెట్ తీసి, నేనే మాట్లాడతాను, మీ ఆవిడకు పంపించు అన్నాను. ఒక పక్క నిండిపోతే తిప్పి రెండో పక్క కూడా నింపాను. సెంట్రల్‌లో దిగి బయటికి రాగానే స్టేషన్ ఎర్ర మేడను ఒకసారి వెనక్కి తిరిగి చూడమన్నాను. పక్కనే మూర్ మార్కెట్టు, దాని వెనక జంతువుల పార్కు. మన తెలుగు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు దాన్ని బతికిన కాలేజీ అంటారు, ఎగ్మూరు మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అంటారు, రెండూ చూడకపోతే మద్రాసు చూసినట్టే కాదని చెప్పాను. మౌంట్ రోడ్డులో పద్నాలుగు అంతస్తుల మేడ కింద నిలబడి అంతస్తులు లెక్కపెట్టమన్నాను. మైలాపూరు గుడి, పాండీబజారు చీరలు, అన్నీ అయ్యాక సాయంత్రం మెరీనా. ఆ ఇసుకలో ఎంత నడిచినా నీళ్లు రావు, విసుక్కోకు అన్నాను. అల వెనక్కి పోయేటప్పుడు మడమల కింద ఇసుక లాగేసుకుపోతుంది, గుండె ఝల్లుమంటుంది, అప్పుడు ఆయన చెయ్యి పట్టుకో అన్నాను. కాగితం పొట్లంలో వేడి సుండల్ గురించి ఎంతసేపు చెప్పానో నాకే తెలియదు. చెబుతూ చెబుతూ ఏడుపొచ్చింది. నాకూ ఊరు వదిలి నాలుగేళ్లయింది మరి.

ఆ క్యాసెట్ వెళ్లింది. అక్కడితో ఊరుకుని ఉంటే ఇవాళ ఇది రాసే పనే లేదు.

వారం తిరక్కుండా ఒకరోజు అతను మే నెల అని మళ్లీ అనేసరికి నాకు చిరాకొచ్చింది. మే నెలలో ఎవడైనా మద్రాసు చూస్తాడా? అగ్నినక్షత్రం రోజులు. ఊరంతా చెమట, కుళాయిల్లో నీళ్లుండవు, మధ్యాహ్నమైతే కుక్క కూడా రోడ్డు మీద కనపడదు. డిసెంబరులో అయితే గాలి చల్లగా ఉంటుంది, వీధి వీధినా ముగ్గులు, మైలాపూరులో పాట కచేరీలు. "డిసెంబరుకు మార్చుకో సెలవు. ఆ ఎండల్లో తీసుకెళ్లి చూపిస్తే ఆవిడ మళ్లీ మద్రాసు పేరెత్తదు" అన్నాను.

ఎవరికి చెబుతున్నానో చూడండి. పైపు పట్టుకుంటే చెయ్యి కాలే ఎండలో, తలకు గుడ్డ చుట్టుకుని పొద్దస్తమానం నిలబడే మనిషికి. అతను ఒక నవ్వు నవ్వి, ఎండదేముందమ్మా అన్నాడు. నేను వినలేదు. చెప్పేవాళ్లకు వినేవాళ్లు లోకువ. నాలుగు రోజులు అదే పాట పాడాను. అతనితో పనిచేసే మలయాళీకి సెలవు డిసెంబరులో ఉంది, అతనికేమో పిల్లల బడి సెలవులని మే కావాలి. ఇద్దరూ మార్చుకుంటామంటే కాంట్రాక్టరు ఫోర్‌మన్ సరే అన్నాడు. అమ్మ డిసెంబరులో రమ్మంటోందని అతను ఇంటికి రాయించాడు.

ఏప్రిల్ ఆఖర్న ఆమె జవాబు వచ్చింది. వసారాలో నన్ను కూడా కూర్చోమన్నాడు అతను, మీకు కూడా ఏదో చెప్పిందట అని. నేను చెప్పిన క్యాసెట్ వాడకట్టు ఆడవాళ్లంతా బీడీలు చేసుకుంటూ విన్నారట. చచ్చిన కాలేజీ దగ్గర అందరూ పడీపడీ నవ్వారట. అందరికీ మద్రాసు ఎక్కడేముందో నోటికి వచ్చేసిందట. కత్తెర చప్పుడు ఆగింది. ఆమె గొంతు కొంచెం తగ్గింది. వాళ్ల ఊళ్లో గల్ఫ్ అంతా దుబాయే.

"దుబాయిల ఉన్న అమ్మా, నీకు దండం. డిసెంబర్ల రమ్మన్నవంట. ఎండలు మాకు కొత్తనా అమ్మా? చెప్పులేసుకుంట, నెత్తి మీద కొంగేసుకుంట. ఆయనను మేలనే పంపియ్యరాదు."

అప్పటికింకా మలయాళీకి టిక్కెట్టు తీయలేదు. వారం రోజుల వ్యవధి ఉంది. అతను నా మొహంలోకి చూస్తున్నాడు. నేను సరే అంటే ఫోర్‌మన్ దగ్గరికి పరుగెత్తేవాడే. నేను నవ్వాను. పిచ్చిపిల్ల అనుకున్నాను. వెంటనే ఇంకో క్యాసెట్ పెట్టి, "నా మాట విను తల్లీ, మేలో మెరీనా ఇసుక మీద కాలు పెట్టలేవు, కాళ్లు కాలతాయి. డిసెంబరులో రా, ఎక్కడికీ పోదు మద్రాసు" అని మాట్లాడి అతని చేతిలో పెట్టాను. ఇప్పుడు నిజం చెప్పుకోవాలి. ఆమె కాళ్ల గురించి కాదు నా దిగులు. నా ఊరు ఆమె కంటికి మంచి చీర కట్టుకుని కనపడాలి, అదీ నా పంతం. మే నెలలో వెళ్లింది మలయాళీ.

శ్రావణం వచ్చింది. ఒక ఉదయం అతను రోజూ వచ్చే వేళకే వచ్చి, గన్నేర్లకు నీళ్లు పెట్టి, పైపు చుట్టి, మెట్ల కింద నిలబడ్డాడు. మా ఆమె పోయిందమ్మా అన్నాడు. కామెర్లట. పసరు పోయించారు, తగ్గిందన్నారు, ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. టెలిగ్రాం క్యాంపుకు చేరేసరికి ఆరు రోజులయింది. చేతిలోని ఆ కాగితాన్ని, నేను చదివి ఇంకేమైనా చెబుతానేమోనన్నట్టు, నాకిచ్చాడు. అందులో అతను చెప్పిన దానికంటే ఒక్క మాట కూడా ఎక్కువ లేదు.

కనీసం కర్మలకైనా పంపమని అడగడానికి వెళ్తే ఫోర్‌మన్ తల అడ్డంగా ఊపాడు. ఛుట్టీ మాఫీ, సెలవు లేదు పొమ్మన్నాడట. సెలవు డిసెంబరులో రాసి ఉంది, నువ్వే కదా అడిగి రాయించుకున్నావు, అప్పుడే వెళ్లు అన్నాడట. మా ఆయన చేత ఫోన్ చేయించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అతని పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసులో ఉందన్నారు, ఆఫీసుకు చేస్తే కాంట్రాక్టరు దగ్గర ఉందన్నారు. పదకొండో రోజు అతను డ్యూటీలోనే ఉన్నాడు. మధ్యాహ్నం దుఖాన్ ఒడ్డుకు వెళ్లి సముద్రంలో మునిగి, తడి బట్టలతోనే వచ్చి మళ్లీ పైపు పట్టుకున్నాడు. నేను కిటికీలోంచి చూశాను. బయటికి వెళ్లే మొహం నాకు లేదు.

ఆ నాలుగు నెలలూ అతను నన్ను ఒక్క మాట అనలేదు. నేను టీ ఇస్తే తాగాడు. క్యాంపులో పోతాయని మా డ్రాయరులో దాచమన్న ఆమె క్యాసెట్లు అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేది, నాకు తిండి సహించేది. మా ఆయన మాత్రం, నువ్వేం చేశావు, కామెర్లకు నువ్వు కారణమా అని సముదాయించేవాడు. కామెర్లకు కాదు. వాళ్లిద్దరికీ దొరకాల్సిన రెండు నెలలు నేను పోగొట్టాను. దానికి ఎవరేం చెప్పి సముదాయిస్తారు?

డిసెంబరులో వెళ్లి, ఫిబ్రవరిలో తిరిగొచ్చాడు. వచ్చిన మర్నాడే మొక్కల దగ్గర కనపడ్డాడు. బాగా చిక్కిపోయాడు. వసారాలో కూర్చోబెట్టి, "ఎలా ఉన్నారు?" అన్నాను. మీరు అనడం అదే మొదటిసారి. అతను గమనించలేదనుకుంటాను. జేబులోంచి నా మొదటి క్యాసెట్ తీసి నాకిచ్చాడు. జబ్బుపడ్డాక ఆమె పడుకుని అదే పెట్టించుకుని వినేదట. చివరికి టేపు నలిగిపోయి, మెరీనా దగ్గర నా గొంతు కీచుమనేదట. అయినా అక్కడే మళ్లీ మళ్లీ తిప్పమనేదట.

ఆ తర్వాత, మద్రాసు పోయొచ్చిన అమ్మా అన్నాడు.

ఒక్కడే వెళ్లాడట. క్యాసెట్‌లో నేను చెప్పిన వరసలోనే తిరిగాడట. సెంట్రల్ నుంచి వెనక్కి తిరిగి చూశాడు. బతికిన కాలేజీ, చచ్చిన కాలేజీ రెండూ చూశాడు. పద్నాలుగు అంతస్తులు లెక్కపెట్టాడు. ఎందుకెళ్లారు ఒక్కరూ, ఆ బాధ పడటానికా అన్నాను.

"పగటీలి పన్నెండు గొట్టంగ సముద్రం కాడికి పోయినమ్మా. చెప్పులిప్పి నడిచిన. కాళ్లు కాలలే. డిసెంబర్ల సల్లగనే ఉంటది, మీరు చెప్పింది నిజమే" అన్నాడు. నేనిచ్చిన టీ తాగేసి మళ్లీ అన్నాడు: "ఆమె మీ మాట నమ్మి ఆగింది గద. అది అబద్ధమైతే ఆమె మోసపోయినట్టయితది. అందుకే చూసొచ్చిన."

నింద లేదు ఆ గొంతులో. నాకు ధైర్యం చెబుతున్నాడనిపించింది. టీ గ్లాసు కడిగి గట్టు మీద బోర్లించి, పైపు విప్పుకుని గన్నేర్ల వైపు వెళ్లిపోయాడు. నేను ఆ క్యాసెట్ పట్టుకుని అక్కడే కూర్చున్నాను. నేను చెప్పింది నిజమే. మే నెలలో వచ్చి ఉంటే ఆమెకు కాళ్లు కాలేవి, అంతేగా.